శోకానికి అర్థం అడిగిన రోజు

పోయిన నెలలో నరసరావుపేటలో ఒక కాలేజీ వాళ్ళు నన్ను పిలిచారు. నా నవల చదివిన పిల్లలు ప్రశ్నలు అడుగుతారు, మీరు జవాబులు చెబితే చాలన్నారు. శాలువా కప్పి, మైకు చేతికిచ్చి, కుర్చీలో కూర్చోబెట్టారు. మొదట ఒక అబ్బాయి లేచి, మీ మీద ఏ రచయితల ప్రభావం ఉందని అడిగాడు. నేను నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్న మనిషిని. మా వీధిలో సాయిబుగారి టైలర్ షాపులో కాజాలు కుట్టి, హుక్కులు వేసేదాన్ని. జాకెట్లకు గుచ్చిన చీటీలు చదవలేక ఒకరివి ఒకరికి ఇచ్చేస్తుంటే సాయిబుగారి భార్యకు విసుగొచ్చింది. ఆవిడను నేను అక్కా అన్నట్టు, వాళ్ళ మాటలో ఆపా అని పిలిచేదాన్ని. బట్ట మీద గీతలు గీసే సుద్దతో కటింగ్ బల్ల మీదే నాకు అఆలు దిద్దించింది. "నువ్వు కలెక్టరు కావద్దులే గానీ, కరణంగారి కోడలి జాకెట్టు కరణంగారి అత్తకి ఇవ్వకుండా ఉంటే అదే పదివేలు" అనేది. కాబట్టి బాబూ, నేను మొట్టమొదట చదివిన సాహిత్యం జాకెట్ల కొలతలు అని చెప్పాను. హాలంతా నవ్వింది. నాకూ కాస్త ధైర్యం వచ్చింది.

అంతలో వెనక వరసలో నుంచి ఒక అమ్మాయి లేచింది. పుస్తకంలో పేజీల మధ్య చాలా కాగితం ముక్కలు పెట్టుకుంది. "నవల చివర్లో కొడుకు శవం దగ్గర ఆ తల్లి పెట్టిన శోకానికి అర్థమేంటండీ? ఆమె నిజంగా ఎవరి మీదన్నా నేరం మోపుతోందా, లేకపోతే అది ఉత్త దుఃఖమేనా?" అంది. చక్కటి ప్రశ్న, మర్యాదగా అడిగింది. నేను మాత్రం "నీకేమనిపిస్తే అదేనమ్మా" అని మైకు పక్కాయనకు ఇచ్చేశాను. అందులో ఏదో లోతు ఉందనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక కూడా ఆ చప్పట్లు నన్ను కూర్చోనివ్వలేదు. ఆ పిల్లలు అడిగిన రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే మనిషి. ఆవిడ మా పెద్దమ్మ, మా అమ్మకు అక్క.

పెద్దమ్మ వాళ్ళు మాచర్ల అవతల నాపరాళ్ళ క్వారీ పక్కన గుడిసెల్లో ఉండేవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో నేనూ మా ఆయనా కూడా అక్కడే పనికి కుదిరాం. మగవాళ్ళు గడ్డపారలతో బండలు లేపేవాళ్ళు, ఆడవాళ్ళం ముక్కరాయి మోసేవాళ్ళం. పెద్దమ్మ మామూలుగా మాటలు తక్కువ మనిషి. ఉప్పు కావాలన్నా చెయ్యి చూపించేదే గానీ అడిగేది కాదు. కానీ ఎవరన్నా పోతే మాత్రం ఆవిడ శోకం వినటానికి పక్క ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు. శవం పక్కన కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పోయినవాళ్ళు పుట్టిన వానాకాలం దగ్గర నుంచి మొదలుపెట్టేది. వాళ్ళు కట్టిన మొదటి చీర రంగు, పెంచిన గేదె పేరు, మొగుడితో అలిగి వెళ్ళిన పుట్టిల్లు, ఏదీ వదిలేది కాదు. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. పాస్టరుగారికి ఈ శోకాలు ఇష్టముండేవి కావు. అయినా ఒకసారి ప్రార్థన మొదలుపెట్టబోతూ, పెద్దమ్మ శోకం ఇంకా పోయినావిడ పెళ్ళిదాకానే వచ్చిందని తెలుసుకుని, బైబిలు మూసి ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం నేను చూశాను.

మా వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. శోకంలో ఎవరేమన్నా దాన్ని తర్వాత ఎత్తకూడదు. బతికుండగా నోరెత్తని కోడలు, అత్త శవం మీద పడి, ఆ అత్త పెట్టిన ఆరళ్ళన్నీ వరసగా చెప్పి ఏడుస్తుంది. ఆడబిడ్డలు పక్కనే కూర్చుని వింటారు. పోయినవాళ్ళ జ్ఞాపకంగా ప్రార్థన చేసి భోజనాలు పెట్టే కూడిక నాడు అందరూ ఒకే బంతిలో తింటారు. ఇదేంటమ్మా అలా అన్నావు అని ఎవరూ అడగరు. ఆడవాళ్ళకు నిజం చెప్పుకోవడానికి మిగిలిన చోటు అదొక్కటే కాబట్టి, దాన్ని ఎవరూ తొక్కేవాళ్ళు కాదు.

ఆ ఏడు వానలు ముగిసే రోజుల్లో క్వారీ గట్టు విరిగి పెద్దమ్మ పెద్దకొడుకు మీద పడింది. నాకంటే కొద్దిగా పెద్దవాడు, అన్నా అని పిలిచేదాన్ని. ఆ పొద్దున అన్నకు జ్వరం. పనికి రానని పడుకుంటే క్వారీ మేస్త్రీ గుడిసెలోకి వెళ్ళి, రెక్క పట్టుకుని లేపుకుని పోయాడు. నేను గంప తీసుకుని ఎదురొస్తున్నాను. భుజాల మీద దుప్పటి అలాగే ఉంది. నన్ను చూసి నవ్వబోయాడు గానీ పళ్ళు కొట్టుకుంటున్నాయి. మధ్యాహ్నం లోపల మట్టి కింద నుంచి తీశారు. తాగొచ్చి గట్టు కింద నిద్రపోయాడని సాయంత్రానికల్లా మేస్త్రీ చెప్పేశాడు. మా అన్న తాగేవాడు కాదు.

పెద్దమ్మ ఆ రోజు శోకం పెట్టింది. పుట్టుక దగ్గర నుంచి కాదు, ఆ పొద్దుటి నుంచి.

"ఒళ్ళు పెనంలాగా కాలిపోతంటే పడుకున్నావుగదయ్యా నా కొడకా... దుప్పటైనా తియ్యనియ్యకుండా మేస్త్రీ నీ రెక్క పట్టుకుపాయెగదయ్యా నా కొడకా... గట్టు పగిలిందని మొన్ననేగదయ్యా నువ్వు చెప్పింది నా కొడకా..."

గుంపంతా మేస్త్రీ వైపు తిరిగింది. మేస్త్రీ చేతిలోని దండ అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

మట్టి చేసిన మూడో రోజు మేస్త్రీ ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని గుడిసె ముందుకొచ్చాడు. మంచాలు వేశారు. పెద్దమ్మ గుంజకు ఆనుకుని కూర్చుంది. నేను లోపల నుంచి వింటున్నాను.

"ఏందమ్మా, శవం కాడ ఏందో అన్నావంట. జొరంతో ఉన్నోణ్ణి లేపుకుపోయానని. దానర్థమేంది?" అన్నాడు మేస్త్రీ.

మా పెదనాన్న తెల్లబోయాడు. "శోకంలో మాటకి అర్థం అడుగుతారయ్యా ఎక్కడన్నా?"

"అడగమా మరి? పోలీసులొచ్చి అడిగితే మేం చెప్పుకోవద్దా?" అని, పెద్దమనుషుల్లో ఒకాయన గొంతు తగ్గించాడు. "చూడమ్మా, నీ చిన్నోడూ ఈడనే పనిచేస్తండు. ఈ గుడిసెలూ క్వారీవేనాయె. ఆలోచించి చెప్పు."

చిన్నవాడు, నాకు తమ్ముడి వరస, పసిబిడ్డ తండ్రి. తల వంచుకుని గోరుతో నేల గీరుతున్నాడు. పెద్దమ్మ వాడినే చానాసేపు చూసింది.

"ఉత్త ఏడుపేనయ్యా" అంది చివరికి. "కడుపుకోత. నోటికొచ్చింది అన్నా."

"మరి వాడు తాగినట్టేనా?"

ఆవిడ తల ఆడించలేదు, మాటా అనలేదు. "అదీ, తల్లే కాదనలేదు" అని వాళ్ళు లేచిపోయారు. అప్పటి నుంచి క్వారీలో మా అన్న తాగి చచ్చినవాడే.

ఆ తర్వాత పెద్దమ్మ ఎవరి శవం దగ్గరా నోరు విప్పలేదు. పెదనాన్న పోయినప్పుడు గుడిసె నిండా జనం ఎదురుచూశారు. ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని, ఆయన బొటనవేలు నిమురుతూ ఉండిపోయింది. "మొగుడంటే మొదట్నించీ పడదంటలే" అంది ఒకావిడ. "అబ్బే, వయసొచ్చిందిగా, గొంతు లేవట్లా" అంది ఇంకొకావిడ. మా గుడిసెల్లో విమర్శకులకు ఎప్పుడూ కొరత లేదు. అసలు కారణం మాత్రం ఒక్కరూ ఎత్తలేదు.

క్వారీ వదిలొచ్చి, టైలర్ షాపులో అక్షరాలు వచ్చాక నేను రాసిన మొదటి పెద్ద పేజీ ఆ శోకమే. దాని చుట్టూ నవల అల్లుకోవడానికి ఏళ్ళు పట్టింది. పుస్తకం అచ్చయ్యాక పెద్దమ్మకు వినిపిద్దామని మాచర్ల బస్సెక్కాను. అప్పటికి ఆవిడకు చూపు పూర్తిగా పోయింది. క్వారీ మూతపడి గోతుల్లో నీళ్ళు నిలిచాయి. గుడిసెల్లో సగానికి పైకప్పులే లేవు. చిన్నవాడు ఎక్కడో సిమెంటు పనికి పోతే, కోడలు చూసుకుంటోంది. గడపలో కూర్చోబెట్టి, ఆ పేజీ చదివాను. పెద్దమ్మ పెదవులు నాకంటే ముందే కదిలాయి. ఒక్క మాట కూడా మరిచిపోలేదు.

చదవడం అయ్యాక నా మోకాలు పట్టుకుంది. "అంత మెల్లిగా సదువుతావేందే? గట్టిగా సదువు."

"ఎందుకు పెద్దమ్మా?"

"ఎవరన్నా ఇని అర్థమడుగుతారేమో. ఈసారి చెప్తా. జొరంతో ఉన్నోణ్ణే లేపుకుపోయాడని చెప్తా. నా కొడుకు చుక్క ముట్టలేదని చెప్తా. ఎన్నేళ్ళనించో అనుకుంటన్నానే, ఒక్కడూ మళ్ళీ అడగలా."

వీధి వైపుకు తిరిగి గట్టిగా చదివాను. మళ్ళీ మొదటి నుంచి చదివాను. గొంతు బొంగురుపోయేదాకా చదివాను. మేస్త్రీ పోయి చాలాకాలమైంది, పెద్దమనుషులు ఇద్దరూ పోయారు. అప్పుడు గుంపులో నిలబడి విన్నవాళ్ళు కూడా ఊళ్ళు పట్టుకుని పోయారు. ఎదురు గుడిసె ముందు ఒక మేక పడుకుని నెమరేస్తోంది.

"ఎవరన్నా ఆగారా ఏమే?"

"లేదు పెద్దమ్మా."

"చూడు సరిగ్గా."

చూశాను. వీధి చివరిదాకా నడిచి వెళ్ళి మరీ చూసొచ్చాను. నేను తిరిగొచ్చేదాకా ఆవిడ ముఖం అటే పెట్టుకుని, చెప్పాల్సిన మాట నోట్లో సిద్ధంగా పట్టుకుని కూర్చుంది. ఆ చలికాలం దాటకుండానే పోయింది. ఆవిడ శవం దగ్గర శోకం పెట్టడం వచ్చినవాళ్ళు మాలో ఎవరూ మిగల్లేదు. కాలం భయపెట్టినవాళ్ళను తీసుకుపోతుందని ఓపిక పట్టాం గానీ, వినాల్సినవాళ్ళను కూడా ఆ బండిలోనే ఎక్కించుకుని పోతుందని మాకు తెలియలేదు.