జమున నిలబడే చోటు

పెళ్లయిన ఏడాది నుంచీ జమున కూర్చుని చేసే పనే చేసింది. మెట్‌పల్లికి ఆటోలో పోయేంత దూరంలో ఉన్న వాళ్ల ఊళ్లో సగం మంది ఆడవాళ్ల పని అదే. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, పక్కన కత్తెర, దారపు ఉండ. బీడీలు చుడుతూనే ఇద్దరు పిల్లల్ని పెంచింది. భర్త కొమురెల్లి షార్జాలో ఉన్నన్నాళ్లూ ఇల్లు నడిపింది. పొద్దంతా తల వంచుకోవడంతో మెడ పట్టేసేది. లేవబోతే నడుము లేవనిచ్చేది కాదు. ఊరంతా అట్లాగే ఉండేది కనుక దాన్నెవరూ జబ్బు కింద జమ కట్టలేదు.

తర్వాత తర్వాత బీడీల కార్ఖానా నుంచి ఆకు రావడం తగ్గింది. వారంలో సగం రోజులు చాట గోడకు ఆనించే ఉండేది. అప్పటికి కొమురెల్లి షార్జా నుంచి వచ్చేసి ఆటో నడుపుతున్నాడు. పట్నం అంచున మల్లన్న అనే అతనికి ట్రాక్టర్ పనిముట్ల వర్క్‌షాప్ ఉంది. నాగళ్లు, కల్టివేటర్లు, దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్‌కు బిగించే ఇనుప చక్రాలు అక్కడ తయారవుతాయి. పనివాళ్లను కొమురెల్లే ఆటోలో దింపి వచ్చేవాడు. ఒక రోజు అన్నం తింటూ అక్కడి ముచ్చట చెప్పాడు. ఇనుముకు తొర్రలు పెట్టే బర్మా మిషిన్ మీద పనిచేసే పిల్లగాడు దుబాయి పోయాడట. నాట్ల కాలం దగ్గర పడింది, తొర్రలు పెట్టాల్సిన ఇనుప పట్టీలు గుట్టలు పడి ఉన్నాయట.

"నేను చేస్త," అంది జమున.

కొమురెల్లి చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఏంది, బర్మా మిషినా?"

"ఇనుముకు తొర్ర వెట్టుడే గదా. నేర్చుకుంటె రాదా?"

"వస్తది గని, పొద్దంత నిలవడాలె."

"ఇన్నేండ్లు పొద్దంత కూసున్న. ఇగ నిలవడి సూస్త."

మల్లన్న మొదట నసిగాడు. పని ఆగిపోయి ఉంది కనుక, సరే చూద్దాం అన్నాడు. పని నేర్పింది సిద్దిరాములు. ఆ షెడ్డులో అందరికంటే పెద్దవాడు, ఇనుము చెక్కే లేత్ మిషిన్ నడిపేది ఆయనే. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని, కొంగు లోపలికి దోపి, జుట్టు కదలకుండా తువ్వాలు కట్టుకొమ్మన్నాడు. పట్టీని ఎట్లా బిగించాలో, పిడిని ఎంత బరువుతో నొక్కాలో, బిట్టు అవతలికి తేలబోయే ముందు చప్పుడు ఎట్లా మారుతుందో చూపించాడు. ఆ చప్పుడు ఆమెకు తొందరగానే పట్టుబడింది. నెల తిరిగేసరికి గుట్ట తగ్గింది.

ఆ షెడ్డు నేల మల్లన్నకు గర్వం. పాత బండలు తీసేయించి, కాంక్రీటు పోయించి, పైన నున్నగా మెరిసేటట్టు సిమెంటు పాలు పూయించాడు. వచ్చిన ప్రతి గిరాకీకీ చూపించేవాడు. జమునకు కూడా మొదట్లో ఆ నేల బాగానే అనిపించింది. మెడ నొప్పి పోయింది, తంబాకు ఘాటు లేదు, దగ్గు లేదు. ఇన్నాళ్లూ ఈ పనికి ఎందుకు రాలేదా అనుకుంది.

కొన్నాళ్లకు పొద్దున్నే మంచం దిగి కాలు మోపితే మడిమలో తుమ్మముల్లు దిగినట్టయింది. నాలుగడుగులు వేస్తే తగ్గింది. మధ్యాహ్నానికి మళ్లీ మొదలైంది. సాయంత్రం ఆటో ఎక్కేసరికి పాదాలు ఉబ్బి, చెప్పుల పట్టీల అచ్చులు చర్మం మీద దిగబడి ఉన్నాయి. రోజూ ఇదే తంతు. ఎవరికీ చెప్పలేదు. చెబితే, ఆడమనిషి నిలబడలేకపోయింది అంటారని భయం. బిట్టు మారుస్తున్నట్టు వంగి, కాలివేళ్ల మీద బరువు వేసి, మడిమలను కాసేపు గాలిలో ఉంచేది.

ఒక రోజు గోనెసంచిని నాలుగు మడతలు వేసి కాళ్ల కింద పరుచుకుంది. ప్రాణం లేచి వచ్చినట్టయింది. రెండు రోజులు గడిచాక ఇనుప పొట్టు ఆ పీచులో చిక్కుకుని అరికాళ్లకు గుచ్చుకోవడం మొదలైంది. బిట్టు వేడెక్కకుండా పోసే నూనెనీళ్లు పీల్చుకుని సంచి జిగటగా తయారైంది. దులిపి మళ్లీ వేసుకుంది. ఆ మధ్యాహ్నం పిడి మీద బరువు వేసి నొక్కుతుండగా కింద సంచి సర్రున జారింది. జమున మోకాలు నేలకు కొట్టుకుంది. సగం దిగిన బిట్టుకు పట్టీ చిక్కుకుని, బిగింపు ఊడి, గిర్రున తిరిగి మిషిన్ స్తంభాన్ని గుద్దింది. సిద్దిరాములు ఉరికి వచ్చి మిషిన్ ఆపాడు. ఆమె తల అక్కడికి జానెడు దూరంలోనే ఉంది.

మల్లన్న బయటి నుంచి పరుగున వచ్చాడు. దెబ్బ పెద్దది కాదని తెలిశాక భయమంతా కోపంగా మారింది.

"గోనెసంచి ఎవలెయ్యమన్నరు నిన్ను? పానం మీదికొస్తె ఎవలు జవాబు జెప్పాలె?"

"సేటూ, మడిమలు నొస్తున్నయే. జర ఒక ఎత్తు స్టూలన్న ఏస్తె..."

"కూసుండి బర్మా నడుపుతరా? గిరాకొచ్చి సూస్తె ఏమనుకుంటడు? గిది బీడీల కార్ఖానా గాదక్కా. నిలవడ శాతగాకుంటె రేపటి సంది రాకు."

మోకాలి దెబ్బ కంటే ఆ మాటే ఎక్కువ తగిలింది. జమున తువ్వాలు విప్పి, టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. మర్నాడు పనికి పోలేదు. ఆ మరునాడూ పోలేదు. ఇంట్లో చాట ముందేసుకుని కూర్చుంది. దెబ్బ తగిలిన మోకాలు ముడుచుకోలేదు. కాలు చాపుకుని చుడితే బీడీలు వదులుగా వచ్చాయి. విప్పి, మళ్లీ చుట్టి, చాట పక్కకు నెట్టేసింది.

కొమురెల్లి వచ్చి పక్కన కూర్చుని అన్నాడు. "షార్జల మా మిషిన్ల కాడ నల్లటి రబ్బరు మ్యాట్లు ఏసేటోళ్లు. సామాన్లు కింద వడితె పలగకుంట ఏసిండ్రనుకున్న. మా ఫోర్‌మన్ చెప్పిండు, అవి మీ కాళ్లకురా అని. మేమంత నవ్వినం."

"నవ్వుడెందుకు?"

"మా కాళ్లకు గూడ ఎవడన్న ఫికర్ చేస్తడా అని."

మర్నాడు ఆమెను బస్టాండు దగ్గర ఫిజియోథెరపీ చూసే ప్రణతి దగ్గరికి తీసుకుపోయాడు. ప్రణతి మడిమ కింద బొటనవేలితో నొక్కింది. జమున అబ్బా అని కాలు లాక్కుంది. అరికాలి కండ వాచిందని, గట్టి నేల మీద పలచటి చెప్పులతో కదలకుండా నిలబడినందుకే ఇట్లా అయిందని ప్రణతి చెప్పింది. పిక్కలు సాగేటట్టు గోడకు చేతులు ఆనించి ఎట్లా నిలబడాలో చేసి చూపించింది. ఐసు కట్టిన నీళ్ల సీసా మీద అరికాలిని ముందుకూ వెనక్కీ దొర్లించమంది. మడిమ దగ్గర మెత్త ఉన్న బూట్లు వేసుకొమ్మంది.

"ఇగ నిలవడే పని బంద్ చెయ్యాల్నా మేడం?" అని అడిగింది జమున.

"నిలబడుడు తప్పు గాదమ్మా. ఒక్కతీర్గ కదలకుంట నిలబడుడే తప్పు. ఒక కాలు జర ఎత్తు మీద పెట్టుకో. కొద్దిసేపటికి కాలు మార్చు. నడుమ నడుమ కూసో. కాళ్ల కింద మెత్తగ ఏదన్న ఉండాలె, గని జారేది ఉండొద్దు."

జారకుండా, నూనె పీల్చకుండా, మెత్తగా ఉండేది ఏమిటో జమునకు తోచలేదు. బూట్ల కోసం దుకాణాలు తిరిగితే అన్నీ మగవాళ్ల సైజులే. ఉన్నవాటిలో చిన్న జత కొని, లోపల మెత్త వేసి, మందపాటి సాక్సులతో సరిపెట్టుకుంది.

ఆ ఆదివారం తమ్ముడు వెంకటి ఇంటికి పోయింది. అతనికి బర్రెల షెడ్డు ఉంది. పాలు పిండే వేళకు వెనక్కి వెళితే, బర్రెల కింద నల్లటి రబ్బరు పలకలు పరిచి ఉన్నాయి.

"ఇవేందిరా?"

"బర్ల మ్యాట్లక్కా. సిమెంటు మీద పండుకుంట లేసుకుంట మోకాళ్లు పుండ్లయితున్నయని ఏయించిన. ఇప్పుడు మంచిగున్నయ్."

జమున చెప్పులు విడిచి, బర్రె పక్కన ఆ రబ్బరు మీద ఎక్కి నిలబడింది. మడిమలు ఎత్తి దించింది. ఒక కాలి మీద బరువు వేసి చూసింది. ఇంకో కాలి మీద వేసి చూసింది. పక్కనున్న బర్రె తల తిప్పి చూసి, మళ్లీ గడ్డిలో మూతి పెట్టింది.

"అక్కా, పెండ అంటుతది, దిగు."

"అంటనీ. గిది ఎక్కడ దొరుకుతది?"

అంచు దగ్గర కోయగా మిగిలిన ముక్క ఒకటి షెడ్డు మూలన ఉంది. బర్మా మిషిన్ ముందు పరచడానికి సరిపోతుంది. బోరు దగ్గర కడిగి, ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది.

మర్నాడు పొద్దున్నే మ్యాటును చుట్టి చంకన పెట్టుకుని వర్క్‌షాపులో దిగింది. మల్లన్న గేటు దగ్గరే ఉన్నాడు. అతను ఏదో అనబోయే లోపే తను మొదలుపెట్టింది.

"సేటూ, నిలవడ శాతగాక నేను పోలే. మంచిగ నిలవడదామని గిది తెచ్చుకున్న. కింద దిక్కు గీతలున్నయ్, జారది. నూనె తాగది, కడుగుతె పోతది. గోనెసంచి ఏసుడు నా తప్పే. గని కాళ్లు నొస్తున్నయంటె నువ్వు అన్న మాట గూడ మంచిగ లేదు. వద్దంటె జెప్పు, గిట్లనే మర్రిపోత."

మల్లన్న మ్యాటును అంచు పట్టి తిరగేసి చూశాడు. "గిది బర్లకేసేది గదక్కా?"

షెడ్డులో అందరూ నవ్వారు. జమున కూడా నవ్వింది. "ఔ. మా తమ్ముని బర్లకు మోకాళ్ల నొప్పులు లేవిప్పుడు."

మల్లన్న నవ్వలేదు. మ్యాటును మళ్లీ చుట్టి ఆమె చేతికిస్తూ, "ఆ రోజు భయమైంది నాకు. నోరు జారిన," అన్నాడు. "పో, ఎయ్."

వెల్డింగ్ చేసే రాకేశ్ పాత ఇనుప యాంగిల్ ముక్కతో మిషిన్ అడుగున కాలు పెట్టుకునే చిన్న మెట్టు అతికించాడు. జమున పనిని కూడా రెండుగా విడదీసుకుంది. కొంతసేపు నిలబడి తొర్రలు పెట్టేది. తర్వాత ఆ పట్టీల అంచులను ఆకురాయితో గీకే పనిని ఎత్తు స్టూలు మీద కూర్చుని చేసేది. స్టూలు వేసుకోవడానికి ఈసారి ఎవరినీ అడగలేదు. గిరాకీలు ఏమనుకుంటారో అన్న సంగతి తొందరలోనే తేలిపోయింది. నాగలి కర్రు కోసం వచ్చిన రైతొకడు, ఆమె లేచి మిషిన్ దగ్గరికి పోగానే ఆ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పొలంలో కాళ్లు పీకుతున్నాయని చెప్పుకుంటూ తన పని అయ్యేదాకా దిగలేదు.

ఒక మధ్యాహ్నం జమున బువ్వ తిని చేయి కడుక్కుని వస్తుంటే, సిద్దిరాములు ఆమె మ్యాటు మీద నిలబడి కనిపించాడు. ప్యాంటు కాళ్లు మడిచి ఉన్నాయి. పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి మెలికలు తిరిగి ఉన్నాయి. ఆమెను చూసి గబుక్కున దిగబోయాడు.

"ఉండు కాకా, దిగకు. ఎన్నాళ్ల సంది ఉన్నయా నరాలు?"

"ఎవలికి యాదుంది బిడ్డా. ఈ కాళ్లు నాయి గావనుకొని నిలవడుడే ఇన్నేండ్లు."

"సేటుకు జెప్పలేదా?"

"జెప్తె ముసలోడైండంటడు."

జమున ఆయన కాళ్ల సంగతి మల్లన్నకు చెప్పింది. కాకకూ ఒక మ్యాటు కావాలంది. "సీజన్ పోనీ అక్కా, సూద్దం," అన్నాడు మల్లన్న. సీజన్ పోలేదు గానీ, సిద్దిరాములు మనవరాలి పెళ్లి వచ్చింది. ఆయన సెలవు పెట్టి నిర్మల్ పోయాడు. ఆయన లేత్ మీద అర్జంటు పని ఉండటంతో మల్లన్నే చొక్కా మార్చుకుని నిలబడ్డాడు. చిన్నప్పుడు నేర్చిన పనే, చేయి మరిచిపోలేదు. కాళ్లే మరిచిపోయాయి. రెండో రోజు సాయంత్రానికి ఇటు కాలు అటు, అటు కాలు ఇటు మార్చుకుంటూ, చివరికి లేత్ మిషిన్‌కు నడుము ఆనించేశాడు. జమున చూసింది.

సిద్దిరాములు తిరిగి వచ్చేసరికి ప్రతి మిషిన్ ముందూ నల్ల మ్యాటు ఉంది. మల్లన్నే తెప్పించి వేయించాడు. సిద్దిరాములు చెప్పులు విడిచి, కొత్త రబ్బరును పాదంతో తడిమి చూసుకున్నాడు. ఆ వారంలోనే జమున ఆయన్ను కాళ్ల రక్తనాళాలు చూసే డాక్టరు దగ్గరికి పంపింది. కాళ్లకు వేసుకునే బిగుతు మేజోళ్లు రాసిచ్చారట. "ఆడపిల్లల సాక్సుల్లెక్కున్నయ్," అని గొణుక్కుంటూనే రోజూ వేసుకొస్తున్నాడు.

జమున మడిమ నొప్పి పూర్తిగా పోవడానికి చాలా నెలలు పట్టింది. ఇప్పటికీ పని ఎక్కువైన రోజు సాయంత్రం కొంచెం పొడుస్తుంది. అట్లాంటప్పుడు ఇంటికి రాగానే ఫ్రిజ్‌లోంచి సీసా తీసి, టీవీ ముందు కూర్చుని అరికాలి కింద దొర్లిస్తుంది. కొమురెల్లి ఆటో దిగి వచ్చి రెండో సీసా తను తీసుకుంటాడు.

ఈ ఏడు రెండో బర్మా మిషిన్ వచ్చింది. దాని మీదికి శంకరవ్వ వచ్చింది. ఆమెదీ బీడీల ఇల్లే. మొదటి రోజు మధ్యాహ్నం దాకా పని చేసి, తర్వాత మెల్లగా అడిగింది.

"అక్కా, నీకు కాళ్లు నొయ్యవా?"

"నొస్తయ్. నీకు నొస్తున్నయా?"

శంకరవ్వ మల్లన్న వైపు చూసి, లేదన్నట్టు తల ఊపింది. జమున తన స్టూలును కాలితో ఆమె వైపు నెట్టింది.

"కూసో. గీ పట్టీల అంచులు గీకు, నేను తొర్రలు వెడుత. జరసేపైనంక మారుదం."

శంకరవ్వ కూర్చుంది. ఆకురాయిని ఎట్లా పట్టుకోవాలో తెలియక తిరగేసి చూస్తుంటే, జమున వంగి ఆమె వేళ్లు సరిచేసి, మిషిన్ ఆన్ చేసింది.