హెలికాప్టర్‌ను కూల్చిన దండెం

1991 జూన్. ముందటేడు ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా బతుకుజీవుడా అని కోనసీమలో ఇల్లు చేరిన నేను, మళ్లీ కువైట్‌లో దిగిన నెల అది. ఓడిన ఇరాక్ సైన్యం పోతూ పోతూ అంటించిన చమురు బావులు ఇంకా మండుతూనే ఉన్నాయి. పట్టపగలు కార్లు లైట్లు వేసుకుని నడిచేవి. ఉదయం తొడుక్కున్న తెల్లచొక్కా సాయంత్రానికి ఏ రంగో చెప్పలేకపోయేవాళ్లం. నేను ఒక కన్సల్టెన్సీలో స్ట్రక్చరల్ ఇంజనీర్ని. అంటే ఒక మేడ నిలబడుతుందా, పడుతుందా, ఎందుకు అన్నది తేల్చి చెప్పేవాడిని. యుద్ధం తర్వాత మాకు ఊపిరాడనంత పని.

నా వంతుకు వచ్చిన మేడ సముద్రం ఒడ్డున ఉంది. పదిహేను అంతస్తులు. ఇప్పటి కువైట్‌లో దాన్ని ఎవరూ తలెత్తి చూడరు గానీ, ఆ రోజుల్లో అది ఆకాశహర్మ్యం కిందే లెక్క. ఇరాక్ సైన్యం దేశంలో దిగిన రోజు తెల్లవారుజామున, వాళ్ల హెలికాప్టర్ ఒకటి వచ్చి దాన్ని గుద్దుకుంది. పై అంతస్తుల్లో ఒక మూల చితికి, కాలిపోయింది. శకలాలు చాలామటుకు ఆ సైన్యమే ఎత్తుకుపోయింది. మేడను పడగొట్టాలా, బాగుచేసుకోవచ్చా చెప్పమని మా బాస్ ఫైలు నా బల్ల మీద పడేశాడు. అది చెప్పాలంటే హెలికాప్టర్ ముందు దేనికి తగిలిందో, తర్వాత దేనికి తగిలిందో తెలియాలి.

మనవాళ్లు ఎక్కువగా ఉండే అబ్బాసియాలో, ఒక హోటల్లో ఇడ్లీ తింటూ ఈ సంగతి ఎత్తానో లేదో, పక్క బల్ల దగ్గరున్న ఒకాయన చెయ్యి కడుక్కోకుండానే లేచి వచ్చాడు.

"ఆ మేడా సార్! దాని మింద హెలికాప్టర్ని పడగొట్టిండేది మా ఓబులమ్మక్క. బట్టలారేసే తీగతో! ఇరాకోళ్ల సైన్యాన్ని మా కడపామె దండేనికి ఆరేసింది!"

హోటలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మేడ యజమానురాలు ఊళ్లోనే మిష్రిఫ్ అనే పేటలో ఉంటే వెళ్లి కలిశాను. భర్త పోయిన పెద్దావిడ. అప్పట్లో ఆ మేడ పై అంతస్తులోనే ఉండేది, ఇప్పుడు కొడుకు విల్లాలో ఉంది. ఆమె దగ్గర పనిచేసే ఓబులమ్మ ఆమెను 'మామా' అంటుంది. ఇక్కడ ఇంటి పనివాళ్లందరూ యజమానురాలిని అలాగే పిలుస్తారు. సైన్యం ఉన్నన్నాళ్లూ మామాను వదిలి వెళ్లని మనిషి ఓబులమ్మ. నేను కూర్చోగానే మామా ఆమెను పిలిచి, భుజం తట్టి, సగం అరబీలో సగం హిందీలో దండెం కథంతా చెప్పింది. చాయ్ ట్రేతో నిలబడ్డ ఓబులమ్మ మొహంలో మాత్రం నవ్వు లేదు.

మామా ఫోను మోగితే లోపలికి వెళ్లింది. ఓబులమ్మ దగ్గరికి వచ్చింది.

"సార్, నువ్వు ఇంజనీరు గదా. ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. బట్టల తీగకి హెలికాప్టర్ పడిపోతాదా?"

లేదమ్మా అనేస్తే ఆమె ప్రాణం కుదుటపడేది. కానీ ఇనప తీగ రెక్కల ఇరుసుకు చుట్టుకుంటే హెలికాప్టర్ పడిపోవచ్చు.

"పడిపోవచ్చండి. మీ తీగకే పడిందా అన్నది మాత్రం ఇంకా తెలియదండి."

"ఎండకి జడిసి మాపటేళ బట్టలారేసి, ఎండెక్కకముందే తీసేస్తా. ఆ పొద్దు మిద్దెక్కినా. సముద్రం మింద నించి వస్తా వుండాది, ఇంత కిందికి. లోపల పిల్లోడు కనపడినాడు సార్. మీసం గూడా సరిగ్గా రాలేదు. పక్కకి పో, పక్కకి పో అని నాకు చెయ్యి ఊపినాడు. బట్టలు యాడివాడ్నే ఇడ్సిపెట్టి మెట్లు దిగి ఉరికినా. మిద్దె అదిరిపాయ. తర్వాత మామా కొడుకు లైట్‌వెల్‌లోకి తొంగి చూడమన్యాడు. రెక్కల తలకాయ పడుండాది, దానికి తీగ చుట్టుకోనుండాది. నీ వైరే ఓబులమ్మా, శభాష్ అన్యాడు."

లైట్‌వెల్ అంటే గాలీ వెలుతురూ కోసం మేడ మధ్యలో బావిలా వదిలే ఖాళీ.

"అందరూ మెచ్చుకుంటారు. నాకు ముద్ద గొంతు దిగదు. వాళ్లు దేశాన్ని మింగేదానికొచ్చినోళ్లే, కాదన్ల్యా. అయినా నేను సంపినానా లేదా, అది నాకు తెలియాల."

ఇంతలో మామా వచ్చింది. "ఇంకా ఏం తేల్చాలి? దండెమే అని రాసెయ్, ఖలాస్!" అంది. నాకు ఒళ్లు మండింది. నా పనిని ఎవరైనా ముందే తేల్చేస్తే నేను ఊరుకోలేను, అది నా పుట్టుబుద్ధి. "మేడమ్, చూశాకే రాస్తాను," అని చెప్పి వచ్చేశాను. దారంతా ఆ ఓబులమ్మ మొహమే. అప్పటికే నిశ్చయించుకున్నాను, ఎవరు ఏమన్నా సరే, దీని అంతు చూడందే వదలనని.

పేలని గుండ్లు ఏరేసేవాళ్లు డాబా సగం మాత్రమే తిరగనిచ్చారు. రెండో సగంలో ఇరాక్ సైనికులు కాపలా కోసం పేర్చుకున్న ఇసుక బస్తాలున్నాయి, అటు పోవద్దన్నారు. సరే అని ఉన్న సగంతోనే మొదలుపెట్టాను. గోడల నిండా చమురు మసి. సబ్బునీళ్లతో కడిగించి, క్రాక్ మ్యాప్ గీశాను. అంటే ప్రతి పగులునూ అది ఉన్నది ఉన్నట్టు కాగితం మీదకు ఎక్కించడం. కాంక్రీటుకు ఒక గుణం ఉంది. తర్వాత వచ్చిన పగులు ముందు వచ్చిన పగులును దాటి పోలేదు, అక్కడికి వచ్చి ఆగిపోతుంది. ఏది ఎక్కడ ఆగిందో చూస్తే ఏ దెబ్బ ముందో ఏ దెబ్బ వెనకో తెలుస్తుంది. ఆ చాకిరీలో తల ప్రాణం తోకకొచ్చింది గానీ, వరుస తేలింది. ముందుగా హెలికాప్టర్ పొట్ట డాబాకు కింద, మూల స్తంభాన్ని గుద్దింది. ఆ తర్వాతే రెక్కలు పైకి లేచి డాబా గోడను కోసుకుంటూ పోయాయి.

"స్తంభం మార్చాలని తెలిసింది కదా, ఇంక రాసెయ్," అన్నాడు బాస్.

"ఆ తీగ సంగతి తేలలేదండి," అన్నాను.

"తీగతో మేడకేం పనయ్యా?"

మేడకేం పని లేదు, నిజమే. గుద్దక ముందే తీగ రెక్కలకు చుట్టుకుని, దాంతోనే అదుపు తప్పి మూలకు వచ్చి ఉండొచ్చు కదా? పగుళ్లు దానికి జవాబు చెప్పవు. ఆయన గొణుగుతున్నా వినిపించుకోకుండా మళ్లీ మిష్రిఫ్ వెళ్లాను.

ఓబులమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. చూస్తే దండేనికి ఒక్క క్లిప్పు లేదు. రెండు తీగలు తాడు పేనినట్టు మెలేసి కట్టింది. మెలికను గోటితో ఎడం చేసి, ఆ సందులో బట్ట మూల దోపుతోంది.

"క్లిప్పులు పెట్టరేంటండి?"

"ఏందికి? మా కడపలో ఇంతే. ఒకసారి దోపినామంటే దుమ్ముగాలొచ్చినా ఊడదు."

"ఆ మేడ మీద కూడా ఇలాగేనా?"

"ఇంకెట్ల కడతారు? మీ కోనసీమలో గాల్లో ఆరేస్తారా?"

ఆమె తీగే అయితే, రెక్కలకు చుట్టుకున్నదానిలోనూ ఆ మెలిక ఉండాలి. తిన్నగా వెళ్లి లైట్‌వెల్‌లోకి దిగాను. రెక్కల ఇరుసుకు చుట్టుకున్నది ఒంటి తీగ. మెలిక ఛాయలే లేవు. చివర కొక్కెం చూస్తే, డాబా మీది టీవీ యాంటెన్నా కదలకుండా లాగి కట్టే తీగ అది. ఆ యాంటెన్నా రెక్కలు కోసుకుపోయిన వైపునే ఉండేది.

ఎగురుకుంటూ వెళ్లి ఈ మాట చెబితే ఆమె తల అడ్డంగా ఊపింది.

"నన్ను సముదాయించేదానికి చెప్తాండావు. నాది కాకపోతే నాది యాడ పాయ? అది చూపీ."

గాలి తీసేసినట్టయింది నాకు. అడిగింది న్యాయమే. ఇసుక బస్తాల వైపు దారి ఇచ్చేదాకా పేలని గుండ్లు తీసేవాళ్ల వెంటపడ్డాను. కాళ్లా వేళ్లా పడ్డాను. విసుగెత్తి ఆ వైపు కూడా శుభ్రం చేసి, పొమ్మన్నారు.

బస్తాల మీద సైనికులు ఎండకు కట్టుకున్న టార్పాలిన్ మసితో నల్లగా వేలాడుతోంది. దాన్ని నీళ్ల ట్యాంకు స్టాండుకు బిగించింది మెలేసిన జంట తీగతో. ఒకచోట మెలిక సందులో చిన్న గుడ్డ ముక్క ఇరుక్కుని ఉంది. ఎవరో బట్టను లాగేస్తే మూల చిరిగి అక్కడే మిగిలిపోయింది. నేను దేన్నీ ముట్టుకోలేదు.

ఆ పొద్దు తర్వాత ఓబులమ్మ ఆ డాబా ఎక్కలేదు. రానంది. బతిమాలాను. మామా కూడా, "యల్లా, వెళ్లిరా," అంది. లిఫ్టు పనిచేయడం లేదు. అంతస్తు అంతస్తుకూ కూలబడుతూ, "ఏం మొండోడివి సార్ నువ్వు! అండీ అండీ అంటానే సంపుతావు," అని తిడుతూ ఎక్కింది.

మెలికను ఎడం చేసి గుడ్డ ముక్కను తీసింది. బొటనవేలితో మసి తుడిచింది. కింద నీలం కుట్టు కనబడింది.

"మామా దిండు గలీబు సార్. ఈ కుట్టు నేనే ఏసినా. తెగలేదు తీగ... నా తీగ యాడికీ పోలేదు సార్!"

ఇప్పుడు నవ్వుతుందనుకున్నాను. ఆమె బస్తాల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, ఒక్కసారిగా బావురుమంది. నాకు కంగారు పుట్టింది.

"ఓబులమ్మగారూ, మీరు కాదని తేలిపోయింది కదండీ!"

"అందుకే సార్. నేనే సంపినానేమో అనుకుంటా, ఆ పిల్లోని కోసం ఏడ్సేదానికి గూడా నాకు మొగం లేకపాయ. తాను పోతా పోతా నన్ను పక్కకి పొమ్మన్యాడు సార్. ఇప్పుడు ఏడుస్తా. ఇడ్సిపెట్టు."

నేను మెట్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. నా కళ్లూ ఆగలేదు.

మేడను పడగొట్టలేదు, స్తంభం మార్చి నిలబెట్టాం. హెలికాప్టర్ అంత కిందికి ఎందుకు వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. అబ్బాసియాలో దండెం కథ ఆగలేదు, నా మాట అక్కడ ఎవరికీ అక్కర్లేదు. నాకు మాత్రం ఆ కేసు ఒక పద్ధతి నేర్పింది. మేడ ఏదైనా సరే, పడిందని కబురు వస్తే, అది తనవల్లే పడిందని లోలోపల కుమిలిపోతున్నవాళ్లు ఎవరున్నారని ముందు వాకబు చేస్తాను. శ్లాబు కింది సెంట్రింగ్ చెక్కలు ఊడదీసిన మేస్త్రీయో, నీళ్ల పంపు కట్టేయడం మరిచిన కాపలాదారో, ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. అసలు కారణం తేలాక యజమానికి రిపోర్టు రేపు ఇచ్చినా కొంపలేం మునిగిపోవు. వాళ్లకు మాత్రం ఆ రోజే వెళ్లి చెబుతాను. ఒక్కోసారి, అవును మీవల్లేనని కూడా చెప్పాల్సి వస్తుంది. అప్పుడు కాసేపు వాళ్ల పక్కనే కూర్చుంటాను.