బియ్యం డబ్బాలో పెట్టిన ఫోన్

2024 ఎండాకాలం. తార్నాక నుంచి యూనివర్సిటీ వైపు వెళ్లే దారిలో, జిరాక్స్ షాపుకీ టిఫిన్ సెంటర్‌కీ మధ్య నా ఫోన్, ల్యాప్‌టాప్ రిపేర్ షాపు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది హాస్టల్ పిల్లలే. ఛార్జర్ల విషయంలో వాళ్లకు పక్క మంచం వాళ్లు చెప్పిందే వేదం. ఆ వేదం వింటుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఒక మధ్యాహ్నం స్వప్న వచ్చింది. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ దగ్గర ఉండే, ఒకప్పుడు రైలు పట్టాలు బాగుచేసి రిటైరైన గ్యాంగ్‌మెన్ జీవితాల మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఏడ్చి వచ్చిందని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"అక్కా, ఫోన్ సచ్చిపోయింది. నేనే సంపిన."

"ఏం చేసినవో చెప్పు ముందు."

"నా ఛార్జర్ ఖరాబైంది. రూమ్మేట్ ల్యాప్‌టాప్ ఛార్జర్ గూడ టైప్ సీనే గదా అని పెట్టిన. అది అరవై అయిదు వాట్లది, నా ఫోన్‌ది పద్దెనిమిదే. పొద్దుగాల నుంచి లేస్తలేదు."

"బ్యాకప్ ఉన్నదా?"

తల అడ్డంగా ఊపింది. "గ్యాంగ్‌మన్ ఎల్లయ్య తాత చెప్పిన ముచ్చట్ల రికార్డింగులన్నీ గిండ్లనే ఉన్నయ్. తాత పోయిన నెల కాలం జేసిండక్కా. మళ్ల ఎవర్ని అడగాలె?"

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

వాట్లు ఎక్కువైతే ఫోన్ మాడిపోతుందని చాలామందికి భయం. ఛార్జర్ మీద రాసి ఉండేది అది ఇవ్వగలిగినంత, బలవంతంగా తోసేది కాదు. కొత్త టైప్ సీ ఛార్జర్లలో పవర్ డెలివరీ అనే పద్ధతి ఉంటుంది. తన దగ్గర ఏమేం ఉన్నాయో ఛార్జర్ చెబుతుంది, ఫోన్ తనకు కావలసినంతే అడిగి తీసుకుంటుంది. మన పెళ్లి భోజనాల్లో లాగా వద్దన్నా వడ్డించదు. కాకపోతే నకిలీ ఛార్జర్లకు ఈ మర్యాద తెలియదు. అందుకే వెంటనే ధైర్యం చెప్పలేకపోయాను.

స్వప్న సంచిలోంచి ఆ ఛార్జర్ తీసిచ్చింది. కరెంటు ఎంత వెళుతోందో చూపే చిన్న మీటర్ మధ్యలో పెట్టి, ముందు నా ఫోన్‌కి తగిలించాను. లక్షణంగా ఛార్జ్ ఎక్కింది. ఆమె ఫోన్‌కి పెడితే సున్నా. ఫోన్ లోపలి సర్క్యూట్ బోర్డే పోయిందేమో అనుకున్నాను. ఇంకోసారి పెట్టి చూస్తే, పిన్ను పూర్తిగా లోపలికి దిగడం లేదు.

పోర్ట్‌ను, అంటే పిన్ను పెట్టే రంధ్రాన్ని, మైక్రోస్కోప్ కింద చూశాను. తెల్లటి పొడి గట్టిగా కూరుకుపోయి ఉంది.

"స్వప్నా, గీ తెల్లగున్నదేంది?"

"బియ్యం పొడి కావచ్చక్కా."

"ఫోన్ల బియ్యం పొడేంది తల్లీ?"

"నిన్న పరుపు మీద పెట్టి ఛార్జ్ చేస్తుంటే బాగ వేడైంది. భయమైంది. బియ్యం వేడిని గుంజుతదని రూమ్మేట్ అన్నది. రూంల వండుకునే బియ్యం డబ్బా ఉన్నది గదా, దాంట్ల పాతిపెట్టిన. తీసి పిన్ను పెట్టి చూసుడు, మళ్ల పాతిపెట్టుడు."

పిన్ను పెట్టినప్పుడల్లా పొడి లోపలికి కూరుకుపోయింది, ఛార్జ్ ఎక్కక బ్యాటరీ అడుగంటింది, అంతే. "ఇంక నయం, ఎసట్ల ఏయలే!"

ఆ మాటకు మొదటిసారి నవ్వింది. చెక్క పుల్లతో, మెత్తని బ్రష్‌తో, తొందరగా ఆరిపోయే స్పిరిట్‌తో పోర్ట్ శుభ్రం చేశాను. ఆరనిచ్చి, ఆమె భయపడుతున్న ఆ అరవై అయిదు వాట్ల ఛార్జరే మళ్లీ పెట్టాను. మీటర్‌లో అంకెలు కదిలాయి. పద్దెనిమిది వాట్లు దాటలేదు. తెర మీద బ్యాటరీ బొమ్మ వెలగగానే స్వప్న స్టూలు మీద కూలబడింది. నిజం చెప్పొద్దూ, ఆమెకంటే నాకే ఎక్కువ సంతోషం వేసింది.

"ఇగ ఒక్క ఛార్జర్‌తోనే ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ నడుపుకో," అన్నాను. "కొనేటప్పుడు మాత్రం నీ ల్యాప్‌టాప్ అడిగే వాట్లకు తక్కువది కొనకు. వైరు గూడ గంత మోసేదే ఉండాలె. పరుపు మీద అసలే పెట్టొద్దు, గాలి తగలాలె."

వింటున్నట్టే తల ఊపింది కానీ, ఫోన్ లేవగానే రికార్డింగుల్లో ఒకటి తెరిచింది. వెనక రైలు కూత, ముందు ఒక ముసలి గొంతు.

"నేను చెప్పేది ఇనబడుతున్నదా బిడ్డా?"

స్వప్న చున్నీతో కళ్లు తుడుచుకుంది. "ఇనబడుతున్నది తాతా," అని ఫోన్‌కే జవాబు చెప్పింది.

అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేదాకా ఆమెను షాపు దాటనివ్వలేదు. ఇప్పుడు ఎవరైనా లేవని ఫోన్ తెచ్చి కౌంటర్ మీద పెడితే, ఏ ఛార్జర్, ఎన్ని వాట్లు అన్నవి తర్వాత అడుగుతాను. ముందు, "ఇందులో ఎవరున్నారమ్మా?" అని అడుగుతాను.