కల్వర్టు దాకా

అయినా మీరే చెప్పండి, ‘కల్వర్టు దాకా’ అంటే కాలువకి ఈ గట్టు దాకానా, ఆ గట్టు దాకానా? ఇప్పుడు ఎవరిని అడిగినా నవ్వుతారు. ముప్పై రెండేళ్లు రోడ్లు కొలిచిన మనిషికి మాత్రం ఆ రోజు ఆ అనుమానమే రాలేదు.

ఆయన్ని అందరూ టేపాయన అంటారు. మునిసిపాలిటీ రోడ్ల సెక్షన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరు. పని మొదలవక ముందు కొలవడం, అయ్యాక మళ్లీ కొలిచి పుస్తకంలో రాయడం, అదీ ఉద్యోగం. తోలు డబ్బాలో చుట్టిన ముప్పై మీటర్ల టేపు ఎప్పుడూ సైకిలు హ్యాండిలుకి వేలాడుతూ ఉండేది. ఇంట్లోకి మంచం కొన్నా, బల్ల కొన్నా ముందు కొలవాల్సిందే. అంత కొలిచీ ఒకసారి బీరువా గుమ్మంలో ఇరుక్కుంది. ఎవరు ఇంటికొచ్చినా ఆయన భార్య మంచినీళ్లతో పాటు ఆ సంగతి కూడా అందిస్తుంది.

ఊరి చివర కాలువ అవతల ఒక కంపెనీ నూట నలభై ఇళ్లు కట్టింది. ఇళ్లు కడితే సరిపోదు కదా, వాటి దగ్గరికి వెళ్లాలి. అందుకని కంపెనీ ఇంటికింత చొప్పున రోడ్డు కోసం మునిసిపాలిటీకి కట్టింది. ఆ డబ్బుతో పెద్ద రోడ్డు నుంచి కాలువ దాకా మునిసిపాలిటీ రోడ్డు వేయాలి. కాలువ అవతల, ఇళ్ల మధ్య రోడ్లు కంపెనీయే వేసుకోవాలి. ఆ డబ్బుని ఇంకో వీధికి మళ్లించకూడదు. పని అయిపోయిందని రాసి ఫైలు మూసేస్తే మిగిలింది కంపెనీకి వాపసు పోతుంది. పద్ధతి మంచిదే.

రోడ్లు కొలిచేవాళ్లకి ఒక అలవాటుంది. కల్వర్టు రాగానే టేపు ఆపేస్తారు. కల్వర్టులు వేరే సెక్షన్ వాళ్లవి, వాటి పుస్తకం వేరే. టేపాయన కూడా అలాగే ఇవతలి గట్టు మీద ఆగి, సున్నంతో గీత గీసి, ‘కల్వర్టు దాకా నాలుగు వందల పన్నెండు మీటర్లు’ అని రాసుకున్నాడు. అవతలి గట్టు మీద కంపెనీ సూపర్‌వైజరు ‘కల్వర్టు నుంచి’ అని తన కాగితంలో రాసుకున్నాడు. ఇద్దరూ కాలువకి చెరో పక్కన నిలబడి చేతులు ఊపుకున్నారు కూడా. మధ్యలో పదకొండు మీటర్లు ఎవరి కాగితంలోకీ ఎక్కలేదు. ఆ పదకొండు మీటర్లలో ఉన్నది ఒక్క బండి పట్టే పాత కల్వర్టు. పిట్టగోడ సగం ఎప్పుడో కాలువలో పడిపోయింది.

రెండు పక్కలా రోడ్లు నున్నగా తయారయ్యాయి. ఇక తాళాలు ఇవ్వాలంటే ఇళ్ల దాకా ఫైరింజను రాగలగాలి, అది రూలు. ఫైరింజను వచ్చి చూసే రోజు పొద్దున్నే టేపాయన అక్క చీరల పెట్టె సర్దుకుని కూర్చుంది. ఆ నూట నలభైలో ఒక ఇల్లు ఆవిడది. స్కూలు యూనిఫారాలు కుట్టి కుట్టి కొనుక్కుంది. అద్దె గది ఖాళీ చేసి, నెల రోజుల్లో తాళం వస్తుందని తమ్ముడింటికొచ్చింది. అప్పటికి ఎనిమిది నెలలైంది. కుట్టుమిషను ముందు గదిలో తలుపుకి అడ్డంగా ఉండేది. ఇంట్లోకి వెళ్లాలంటే ఎవరైనా పక్కకి తిరిగి దూరాల్సిందే.

ఫైరింజను ఎర్రగా, దర్జాగా వచ్చి కల్వర్టు ముందు ఆగిపోయింది. డ్రైవరు దిగి, చక్రాలు చూసి, కల్వర్టు చూసి, టేపాయన వైపు తిరిగాడు.

“ఏవండీ, దీన్ని మడతపెట్టి దాటించాలా?”

తిప్పుకోవడానికి చోటు లేక నాలుగు వందల మీటర్లూ వెనక్కే నడుపుకుంటూ పోయాడు. టేపాయన డబ్బా విప్పి, మొదటిసారి టేపుని కల్వర్టు మీద పరిచాడు. పదకొండు.

ఆఫీసులో పక్క సీటు గుమాస్తాకి మాత్రమే చెప్పాడు. ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

“రెండు నెలల్లో దిగిపోయేవాడివి. నీకెందుకయ్యా? కల్వర్టు వేరే సెక్షన్ వాళ్లదని తోసెయ్యి.”

“తోసేస్తే?”

“కొత్త పని కింద పెడతారు. వచ్చే బడ్జెట్, ఆ తర్వాత టెండరు. ఎంత లేదన్నా రెండేళ్లు.”

“కొలతలో తప్పని రాస్తే?”

“ఈ నెలాఖరుకి ఫైలు మూస్తున్నారు. ఆలోపు రాస్తే మిగిలిన డబ్బుతోనే అయిపోతుంది. కానీ తప్పెవరిదని అడుగుతారు కదా. విచారణ తేలేదాకా నీ రిటైర్మెంటు డబ్బు ఆపుతారు. ఇంట్లో కూడా ఒకమాట అడుగు.”

ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికి అక్క మిషను మీద కాలరు కుడుతోంది.

“ఏరా, మీ మునిసిపాలిటీలో ఆ కల్వర్టు మర్చిపోయిన మహానుభావుడెవడో తెలిసిందా? ఒకసారి చూపించు. వాడి నోరు రెండు వరసలు కుట్టేస్తాను.”

టేపాయన గుమ్మంలోనే చెప్పులు విడిచాడు.

“నేనేనే అక్కా.”

మిషను ఆగింది. వంటింట్లోంచి భార్య గరిటె పట్టుకుని వచ్చింది. ఆయన అంతా చెప్పాడు, గుమాస్తా చెప్పింది కూడా.

“డబ్బు ఆపితే ఎన్నాళ్లు ఆపుతారు?” అంది భార్య.

“ఏడాదో, ఏడాదిన్నరో.”

అక్క దారం కొరికి తెంపింది. “నాకోసమైతే రాయొద్దురా. రెండేళ్లు ఇక్కడే పడుంటాను. ఏం, మరదలా, ఉండనిస్తావా?”

భార్య కుట్టుమిషను వైపు చూసింది. గుమ్మం వైపు చూసింది.

“రాసెయ్యండి” అంది. “బీరువా ఇరుక్కున్నప్పుడే అన్నాను, మీ కొలతలు నమ్మొద్దని.”

ముందు నవ్వింది అక్కే.

మర్నాడు ఆయన ఒక పేజీ రాసిచ్చాడు. కొలత తనదని, అవతలి గట్టు దాకా తీయాల్సింది ఇవతలే ఆపానని. ఇంజనీరు గారు రెండుసార్లు చదివారు.

“మీరొక్కరే కాదు కదండీ, ఆ సూపర్‌వైజరు కూడా...”

“ఆయన సంగతి ఆయన రాసుకుంటాడండీ. నా గీత నాది.”

సూపర్‌వైజరు ఏమీ రాయలేదు. నెలాఖరుకి రెండు రోజుల ముందు కొలత సరిచేశారు. కాలువలో సిమెంటు గొట్టాలు దించి, కల్వర్టుని మూడింతలు వెడల్పు చేసి, పైన రోడ్డు కలిపేశారు. ఫైరింజను మళ్లీ వచ్చింది. అదే డ్రైవరు. ఈసారి ఏమీ అనకుండా దాటి, అవతల ఒకసారి హారను కొట్టాడు. వారంలో అక్క చేతికి తాళం వచ్చింది. టేపాయన రిటైరైన రోజున దండ వేశారు, డబ్బు ఆపారు. రెండూ ఒకే గదిలో జరిగాయి.

విచారణ పద్నాలుగు నెలలు నడిచింది. ఈలోపు ఆయన ఒక సిమెంటు కొట్టులో లారీ సరుకు లెక్కలు చూశాడు, భార్య పక్కింటివాళ్ల పిల్లల్ని చూసుకుంది. చివరికి ఒక ఇంక్రిమెంటు కోసి వదిలేశారు. ఇక డబ్బు రావడానికి ఒక్క కాగితం తక్కువ. ఆఫీసు వస్తువులేవీ ఆయన దగ్గర లేవని స్టోర్‌కీపరు రాసివ్వాలి. ఉన్నదల్లా ఆ టేపే.

మొన్న సోమవారం టేపుని హ్యాండిలుకి తగిలించుకుని స్టోరుకి బయల్దేరాడు. ముందు ఒక్కసారి కొత్త కల్వర్టు చూసొస్తానని అటు తిప్పాడు. అవతల అక్క గుమ్మంలో నిలబడి ఉంది.

“ఒరేయ్, కిటికీలకి పరదాలు కుట్టాలి, కాస్త కొలిచిపెట్టు. అంచు నుంచి అంచు దాకా, విన్నావా?”

కొలిచాడు. పక్కింటావిడ తన మంచం ఆ గదిలో పడుతుందో లేదో చూడమంది. ఎదురింటాయన గోడ సంగతి ఎత్తాడు. టేపాయన ఇటు తిరిగేసరికి స్టోరు మూసేశారు.

మంగళవారం స్టోర్‌కీపరు సెలవు. బుధవారం పొద్దున టేపాయన మళ్లీ బయల్దేరాడు. కల్వర్టు దాటి మూడో ఇంటి ముందు సైకిలుంది, హ్యాండిలుకి టేపు డబ్బా లేదు. లోపల్నుంచి “ఆ చివర గట్టిగా పట్టుకోండమ్మా” అని వినపడింది.

టేపు ఇంకా స్టోరుకి చేరలేదు.