ఆవిడ అడిగిన కాలు

నాకు ఇంగ్లీషు వచ్చునని నర్సీపట్నంలో సగం మందికి తెలుసు. మిగతా సగానికి నేనే చెప్పుకునేదాన్ని. అంత పొగరు. తొంభైల చివర, డిగ్రీ అయిపోయి, బీఈడీ సీటు రాక, ఇంట్లో కూర్చుని మా నాయనమ్మ చేత తిట్లు తింటున్న రోజులవి. అప్పుడు చర్చిలో ఎవరో కబురు చెప్పారు. ఏదో దేశం నుంచి వైద్య బృందం వస్తోందట. కాళ్ళు పోయినవాళ్ళకి కొత్త కాళ్ళు పెట్టి, నడక నేర్పి వెళ్తారట. మూడు వారాలుంటారు, వాళ్ళ మాట మనవాళ్ళకీ మనవాళ్ళ మాట వాళ్ళకీ చెప్పే మనిషి కావాలి, జీతం ఉండదు. జీతం ఎవడిక్కావాలి? దొరసానుల పక్కన నుంచుని ఇంగ్లీషు మాట్లాడొచ్చు. మర్నాడే వెళ్ళి పేరిచ్చీసేను.

మా ఇంట్లో దొరలంటే దేవుడి తరవాత దేవుళ్ళు. మా తాతగారు మిషను బోర్డింగులో తిని చదువుకున్న మనిషి. ఆయన పలకా, చొక్కా, మేష్టరుద్యోగం అంతా దొరగారి చలవేనని నాయనమ్మ రోజూ ప్రార్థనలో ఒప్పచెప్పేది. నా చిన్నప్పుడు కూడా క్రిస్మస్‌కి పై దేశం నుంచి పార్సిళ్ళు వచ్చేవి. ఒక ఏడు నాకు ఊలు స్వెట్టరొచ్చింది, గెడ్డం దాకా మెడ ఉన్నది. మిట్టమధ్యాహ్నం అది తొడిగి ఎండలో నిలబెట్టారు, ఫొటో కోసం. ఒళ్ళంతా దురద. "గుచ్చుతోందే" అని ఏడిస్తే నాయనమ్మ వీపు మీద ఒకటిచ్చింది. "ఇచ్చినోళ్ళకి వంకెడతావేటే? ఫొటో తీసీదాకా నవ్వు." నవ్వేను. చాలా బాగుందండీ, వందనాలండీ అని ఉత్తరం కూడా నా చేతే రాయించారు. వంక పెట్టకపోవడం మా ఇంటి మర్యాద. ఎంత లోపలికి ఇంకిపోయిందో నాకే తెలీదు.

ఆసుపత్రి వెనక రేకుల షెడ్డు ఖాళీ చేసి బృందానికి ఇచ్చారు. అందులో నా వాటాకి వచ్చిన దొరసానమ్మ నడక నేర్పే ఆవిడ. పొడుగాటి మనిషి, నలభై పైనుంటాయి, ఎప్పుడు చూసినా మోచేతుల దాకా పిండికట్టు పిండి. ఆవిడ పద్ధతి ఏమిటంటే, కాలు కొలిచే ముందు మనిషిని అడగాలి. ఏం పని చేస్తావు, ఎక్కడ నడుస్తావు, ఎలా కూర్చుంటావు. దానికొక కాగితం. ఆవిడ అడుగుతుంది, నేను తెలుగులో అడుగుతాను, వాళ్ళు చెప్పింది ఇంగ్లీషులో చెప్తాను, ఆవిడ రాసుకుంటుంది. మాకవరపాలెం నుంచి, రావికమతం నుంచి, కొండ మీంచి జనం బస్సుల్లో, కావిళ్ళలో, అన్నల వీపుల మీద వచ్చేవారు. మొదటి వారం బాగానే చేసేను. అబద్ధమెందుకు, బాగానే చేసేను.

రెండో వారంలో ఒక రోజు భోజనాల దగ్గర ఆ బృందంలో కుర్ర డాక్టరొకాయన, "మీ వాళ్ళు ఈ ఎండలో వట్టి కాళ్ళతో ఎలా నడుస్తారు పాపం?" అన్నాడు. జాలిగానే అన్నాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. "మేం చెప్పులేసుకుంటామండీ" అని నా కాళ్ళు బల్ల కింద నుంచి బయటికి చాపి చూపించాను. వైజాగ్‌లో కొన్న హీల్సు. సిగ్గు లేకపోతే సరి! ఇప్పుడు తలుచుకుంటే ఆ కాళ్ళు అక్కడే విరగ్గొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ మధ్యాహ్నమే ఒకావిడ వచ్చింది. లంబసింగి ఘాటీ దాటాక ఎక్కడో లోపలి ఊరు. కొండ మనిషి, ముప్ఫై అయిదేళ్ళుంటాయి, నాకన్నా పదమూడేళ్ళు పెద్దది. నేను మాత్రం 'నువ్వు' అనే పిలిచేను, ఆవిడ నన్ను 'అమ్మా' అంటుంటే. ముల్లు దిగి, పుండై, కుళ్ళిపోతే ఎడమ కాలు మోకాలి కింద తీసీసేరు. మొగుడు అంతకు ముందే పోయాడు. ఆయన వాటాకి ఊరి పక్క గెడ్డ, అదే కొండవాగు, దానవతల వాలు మీద రెండు చింతచెట్లున్నాయట. ఆవిడకి ఉన్న ఆస్తి అదే.

"సింతపండు రాలీసరికి నాను అక్కడికెల్లాలమ్మా," అంది. "నానెల్లకపోతే మా మరిది దులిపీసుకుంటాడు. మా వోళ్ళలో ఒక్కేడు ఎవులు దులిపితే మరింక సెట్టు ఆలదే. ఈ రెండూ పోతే నాను ఆడి గుమ్మంలో ముద్దకి కూకోవాల."

దొరసానమ్మ కాగితం తీసింది. వట్టి కాళ్ళతో నడుస్తుందా? నీళ్ళు దాటాలా? గొంతుక్కూర్చుని పని చేస్తుందా? దొడ్డికెలా వెళ్తుంది? వరసగా అడిగింది నన్ను.

నేను ఆవిణ్ణి అడగలేదు. అడగడానికేముంది, నాకు తెలియదా? కొండ మనుషులు చెప్పులేసుకోరు, గెడ్డలో దిగకుండా ఊరు దాటరు, గింజ ఏరినా పిక్క తీసినా గొంతుక్కూర్చునే. దొడ్డి సంగతి సరే సరి. అవన్నీ ఈ తెల్లావిడకి చెప్పాలా, ఛీ, మళ్ళీ రాత్రి భోజనాల దగ్గర "పాపం" అంటారు. "షూస్ వేసుకుంటుందండీ," అన్నాను. "నీళ్ళలో పెద్దగా దిగక్కర్లేదు. కుర్చీ అలవాటే." మూడు ముక్కలూ నావే. దొరసానమ్మ రాసుకుంది. కొండావిడ నా మొహం, దొరసానమ్మ మొహం మార్చి మార్చి చూసింది, తన సంగతే మంచిగా చెప్తున్నానని కాబోలు తలూపింది.

వారానికి కాలు తయారయింది. చూడ్డానికి బంగారంలా ఉంది. దానికో గోధుమరంగు బూటు, రెండో కాలికి జత బూటు. ఆ పాదం బూటుకి తగ్గట్టు మడమ ఎత్తి చేసినది, బూటు లేకపోతే మనిషి వెనక్కి తూలుతుంది. షెడ్డులో సిమెంటు నేల మీద రెండు కర్రల మధ్య బాగానే నడిచింది. తరవాత ఆగి, కూర్చోబోయింది. పాదం చీలమండ దగ్గర మడత పడలేదు. గోడ పట్టుకుని మళ్ళీ ప్రయత్నించింది. అప్పుడు నా వైపు తిరిగి గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"ఇది బాగుందమ్మా, కానీ ఇది రోడ్డు మీద మడిసికి కాలు. బూటుతోటి గెడ్డలో ఎలా దిగుతాను? తడిసిపోదేటి? కూకోడానికి నేదు, పండెలా ఏరతాను? వట్టి కాలుతో కొండెక్కీది ఇంకోటేదైనా ఉంటే ఇమ్మని సెప్పు. నేకపోతే దీన్నే కొంచెం మార్సమను. బేగి సెప్పమ్మా, బస్సెల్లిపోద్ది."

"ఏమంటోంది?" అంది దొరసానమ్మ, ఆత్రంగా, చేతులు తుడుచుకుంటూ.

ఆ క్షణంలో నేను నిజం చెప్తే కాగితం మీద చెప్పిందంతా అబద్ధమని తేలిపోతుంది. అది ఒక భయం. ఇంకోటి, ఇంత దూరం వచ్చి, మూడు వారాలు చెమటోడ్చి చేసి పెడితే ఈవిడ వంకలు పెడుతోందేమిటని నాకు నిజంగానే ఒళ్ళు మండింది. "షీ ఈజ్ వెరీ హ్యాపీ, మేడమ్," అన్నాను. "థాంక్యూ అంటోంది." దొరసానమ్మ కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకుని ఆవిణ్ణి కావలించుకుంది.

"ఏటంది?" అని అడిగింది కొండావిడ, ఆ కౌగిట్లోంచే.

"ఇదే మంచిదంది. అలవాటైపోద్ది, వెళ్ళు," అన్నాను. వెళ్ళిపోయింది, బస్సుకి, కొత్త బూట్లతో.

ఏడాది తరవాత బృందం మళ్ళీ వచ్చింది. దొరసానమ్మ కిందటేడు కాళ్ళు తీసుకున్నవాళ్ళ ఊళ్ళకే వెళ్ళి చూస్తానంది. నేను కూడా జీపెక్కాను. కొండావిడ ఊరి పేరు కాగితంలో కనబడగానే దాన్ని మడిచి వెనక్కి ఇచ్చేశాను.

ఆవిడ ఇంటి ముందు వెదురు కర్ర మీద, ఒంటి కాలితో నుంచుని ఉంది. చిక్కి సగమైపోయింది. మమ్మల్ని చూసి మొహం ఇంత చేసుకుని, లోపలికెళ్ళి, అటక మీంచి మూట దింపించింది. పాత చీరలో చుట్టి ఉంది ఆ కాలు. బూటు కొత్తది కొత్తగానే ఉంది.

ఈసారి ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో చెప్పాను. బూటు తడవకూడదని విప్పి చంకలో పెట్టుకుని గెడ్డలో దిగిందట. వెనక్కి తూలి రాళ్ళ మీద పడిందట. తుంటికి దెబ్బ, తెగిన కాలు మీద పుండు. నెలన్నర మంచం. అది సరిగ్గా చింతపండు నెలన్నర. మరిది రెండు చెట్లూ దులుపుకున్నాడు. పెద్దలు కూర్చుని, దులిపినవాడివే చెట్లు అన్నారు. ఇప్పుడు తోటికోడలు పెట్టింది తింటోంది, అదీ వాళ్ళందరి తినడాలూ అయ్యాక.

దొరసానమ్మ సంచీలోంచి కిందటేడు కాగితం తీసింది, నా వైపు తిప్పింది. షూస్, అవును. నీళ్ళు, లేదు. కుర్చీ, అవును.

"అప్పుడు అడిగాను కదా," అంది.

"ఆవిణ్ణి అడగలేదండీ," అన్నాను ఇంగ్లీషులో. "నేనే చెప్పేశాను. బూటు కాలు వద్దని ఆవిడ అప్పుడే అంది. అది కూడా మీకు చెప్పలేదు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. జీపు దగ్గరికి వెళ్ళి ఒక పెట్టె తెచ్చింది. అందులో రబ్బరు పాదం, మన దేశంలో చేసిందే, బూటు అక్కర్లేనిది, నీళ్ళకి చెడనిది, వంగేది. "ఇవి కిందటేడు కూడా ఆరు తెచ్చాం," అంది. "నాలుగు మిగిలిపోయాయి." స్పానరుతో పాత పాదం విప్పి ఇది బిగించడానికి పట్టిన సమయం అరగంట. ఓరి దేవుడా, అరగంట పని!

కొండావిడ కాలు తొడుక్కుంది. లేచింది. వట్టి పాదంతో వాకిలి దాటింది. కింద గెడ్డ దాకా వెళ్ళి, నీళ్ళలో దిగి, అవతలికి నడిచి, మళ్ళీ వచ్చింది. మా ముందు గొంతుక్కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది, చిన్న పిల్లలా నవ్వుతూ. అవతల వాలు మీద ఆ రెండు చెట్లూ కనిపిస్తూనే ఉన్నాయి. అవి ఆవిడకి మరి దక్కలేదని తరవాత సంతలో కనబడ్డ వాళ్ళ ఊరివాళ్ళు చెప్పారు.

నేను ఒక మూల నుంచుని తల దించుకుని ఉన్నాను. ఆవిడ తడి కాళ్ళతో నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఆయమ్మని ఏటీ అనీకమ్మా," అంది మెల్లగా. "పాపం, మన కొండ సంగతి ఆవిడికేటెరుక? నానన్నదల్లా నువ్వప్పుడే సెప్పీసుంటావు, ఆవిడికే బుర్రకెక్కుండదు. కాదేటి?"

ఆవిడ చెయ్యి గరుగ్గా ఉంది, చల్లగా ఉంది. ఇంగ్లీషులో ఒప్పుకోవడం అంత కష్టం కాలేదు నాకు. తెలుగులో నోరు పెగల్లేదు.

"ఆఁ, చెప్పేను," అన్నాను.

"ఏమంటోంది?" అంది దొరసానమ్మ.

"మీ మీద కోపం లేదంటోంది."

"నా మీదా?" అంది. నా మొహంలోకి చూసింది. ఆవిడకి అర్థమైపోయింది, అది నాకూ తెలిసింది. ఒక్క నిమిషం ఆగింది, నేను నోరు విప్పుతానేమోనని. నేను విప్పలేదు. అప్పుడావిడ కొండావిడ రెండు చేతులూ పట్టుకుని, మూడు వారాల్లో నేర్చుకున్న నాలుగు తెలుగు ముక్కల్లోంచి వెతుక్కుని, "తప్పు... నాది," అంది.

నేను వాళ్ళిద్దరి పక్కనే నుంచున్నాను. కాదు, నాది అంటే సరిపోయేది. అనలేదు.