భుజం లోతు గుడ్డు

గుడ్డు ఎంత లోతులో దొరికిందో మా మేనమామ తోలిగుర్ చచ్చినా చెప్పేవాడు కాదు. ఆయనొక్కడే కాదు, మా దీవిలో గుడ్లు తవ్వే పదకొండు మందిదీ అదే తీరు. లోతు బయటపెడితే మంచి గొయ్యి ఎక్కడుందో పక్కవాడు కనిపెట్టేస్తాడని భయం.

రేవుకి అవతల, పొగ కక్కే కొండ కింద, కొండకోళ్ళు వేడి ఇసుకలో గుడ్లు పాతిపెట్టి తమ దారిన తాము పోతాయి. పొదిగే పనంతా కొండదే. ఎంత వేడి చాలో పిట్టకెలా తెలుస్తుందని చిన్నప్పుడు మామయ్యని వేధించేదాన్ని.

"దాన్నే అడుగు. నాకైతే ఇంతవరకూ చెప్పలేదు," అనేవాడు. ఒక్కటి మాత్రం చెప్పాడు. ఇసుక చల్లబడితే పిట్ట లోతుకి పోతుందట, కాగితే పైపైనే పెడుతుందట.

ఆ ఏడు నాకొక వింత కనిపించింది. ఎప్పుడూ భుజందాకా ఇసుకతో వచ్చే మామయ్యకి మోచేతి పైన శుభ్రంగా ఉంటోంది. ఎందుకని అడిగితే, "నోరు మూసుకుని అరటికాయ తిను," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది, కానీ కళ్ళు ఆయన చేతిమీదే ఉండిపోయాయి.

ఆ మరుసటి నెలలో కొండని కనిపెట్టి చూసే ఆఫీసు నుంచి కెలెన్ అనే కుర్ర ఉద్యోగి వచ్చి, చర్చి అరుగు దగ్గర ఊరందరినీ పోగుచేసి, గోడకి రంగుల పటం తగిలించాడు. నేల ఉబ్బుతోందనీ, ఊరు ఖాళీ చేస్తే మంచిదనీ చెప్పాడు.

మా అమ్మ ఇయాపలై కుంటికాలు చాపుకుని ముందే కూర్చుంది. "పదేళ్ళ కిందటా మీవాళ్ళు ఇదే పాట పాడారు. పరుగెత్తాం. ఆర్నెల్లు చుట్టాల ఇళ్ళల్లో పడున్నాం. కొండ ఒక్క దగ్గు కూడా దగ్గలేదు. తిరిగొచ్చేసరికి నా ఇంటికి తలుపుల్లేవు. ఇంతకీ ఏ రోజు పేలుతుందయ్యా?"

"రోజు చెప్పలేను, పెద్దమ్మా."

"రోజు చెప్పలేనివాడివి ఇంత దూరం పడవెందుకు ఎక్కావు? నేను కదలను."

అందరూ నవ్వారు. అమ్మ కదలకపోతే మా ఇంట్లో ఎవరం కదలం. నాకు భయం వేసింది.

అప్పుడు మామయ్య లేచి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "అక్కా, నా గోతిలో గుడ్డు ఎప్పుడూ భుజం లోతు. పోయిన నెల మోచెయ్యి. ఇవాళ మణికట్టు."

నవ్వులు ఆగిపోయాయి. ఆయన ఏం చెప్పాడన్న దానికన్నా, అసలు చెప్పాడన్నదే జనానికి మింగుడుపడలేదు.

గోతుల హద్దు తగాదాతో మామయ్యతో పాతికేళ్ళుగా మాటల్లేని తోవరుట్ వెనకనుంచి, "నాదీ మణికట్టే," అన్నాడు. తర్వాత ఇంకొకడు. చివరికి పదకొండు మందీ చేతులు చూపించారు. తన గొయ్యి ఒక్కటే పాడైందనుకుని, పరువు పోతుందని ఎవరికి వాళ్ళు నెలరోజులు దాచుకున్నారు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ కోపమే.

కెలెన్ పుస్తకం తీసి ఒక్కొక్కరి లోతూ రాసుకున్నాడు.

అమ్మ తమ్ముడి వంక తిరిగింది. "నువ్వే నోరు విప్పావంటే ఇంకేం మిగల్లేదురా. మూట కట్టండి," అంది.

పొద్దు వాలేలోగా దీవి ఖాళీ అయింది. మర్నాడు తెల్లవారుతూనే కొండ పేలింది. బూడిద బరువుకి మా ఇంటి కప్పు, సరిగ్గా అమ్మ మంచం ఉండే చోట, కూలింది.

మూడేళ్ళకి పిట్టలు తిరిగొచ్చాయి. వాటి వెనకే మేమూ వచ్చాం. ఇప్పుడు గుడ్ల పడవలు ఒడ్డుకొస్తుంటే ఒక్కొక్కరూ లోతు కేకేసి చెబుతారు, కెలెన్ రాసుకుంటాడు. అమ్మ రోజూ మూట కట్టుకుని మరీ రేవుకి వస్తుంది. మామయ్య "భుజం" అంటాడు, తోవరుట్ "భుజం" అంటాడు. పదకొండో గొంతు కూడా ఆ మాట అన్నాకే అమ్మ ఇంటికెళ్ళి మూట విప్పి, అందులోంచి కుండ తీసి పొయ్యిమీద పెడుతుంది.