వాలెట్టా చర్చి మెట్ల మీద నరసమ్మ గారి చెప్పులు

2023 సెప్టెంబరు. మలేషియాలో క్లాంగ్ ఊళ్లోని మా ట్రావెల్ ఆఫీసు తరఫున పద్దెనిమిది మందిని మధ్యధరా సముద్రంలో క్రూయిజ్‌కు తీసుకెళ్లాను. టూర్ లీడర్‌గా అప్పటికి నాకు పదకొండేళ్ల అనుభవం. నాలుగో రోజు ఓడ మాల్టా దీవిలో ఆగింది. ఆల్ అబోర్డ్ టైమ్ నాలుగున్నర. అంటే ఆ వేళకు అందరూ ఓడలో ఉండాలి. రానివాళ్ల కోసం ఓడ ఆగదు, తర్వాతి రేవుకు వాళ్ల తిప్పలు వాళ్లే పడి చేరుకోవాలి.

అక్కడి రాజధాని వాలెట్టాలో ఒక పాత చర్చి చూశాం. లోపలికి ముందు వాకిలి, బయటికి పక్క వీధిలో ఇంకో తలుపు. లోపల, మా దేశంలోనే ఇపో ఊరి నుంచి వచ్చిన నరసమ్మ గారు వట్టి కాళ్లతో నడుస్తూ కనిపించారు. డెబ్బై దాటిన మనిషి, కాళ్ల నొప్పులేమో అనుకుని ఊరుకున్నాను. బయటికెళ్లే తలుపు ఇవతల, ఇంకా లోపలుండగానే హెడ్ కౌంట్, అదే తలల లెక్క, కానిచ్చేశాను. పద్దెనిమిదీ ఉన్నాయి. వీధిలోకి వచ్చాకే లెక్కపెట్టాలన్నది మా పనిలో ఓనమాలు. తొందరలో మానేశాను.

రేవుకు చేరి చూస్తే పదిహేడే. నాలుగవడానికి పది నిమిషాలుంది. ఆవిడ దగ్గర ఫోను లేదు. మిగతావాళ్లను ఓడెక్కించి టాక్సీలో వెనక్కి పరిగెత్తాను.

నరసమ్మ గారు చర్చి ముందు మెట్ల మీద తీరిగ్గా కూర్చుని ఉన్నారు.

"పెద్దమ్మా, ఇక్కడున్నారేటి?"

"సెప్పులు ఇక్కడే ఇప్పినాను కదమ్మీ. ఎనక్కొచ్చి ఏసుకుని సూస్తే మీరెవలూ లేరు. తప్పిపోతే కదలొద్దని నువ్వే సెప్పినావు లా. కదల్లేదు." మాట చివర 'లా' తగిలించడం మా మలేషియా అలవాటు.

తప్పంతా నాదే, కోపం తెచ్చుకునే హక్కు కూడా లేదు. నాలుగూ ఇరవై ఏడుకు గ్యాంగ్‌వే ఎక్కాం, ఓడలోకి వేసే వంతెన అది. మా వెనకే దాన్ని తీసేశారు.

ఊపిరి తీసుకున్నాక ఆవిడ మెల్లగా అడిగారు.

"ఏటీ అనుకోకు. నువ్వు సెప్పుల్తోటే లోపలికెల్లిపోయినావేటి? ఆల దేవుడైతే మాత్రం దేవుడు కాడేటి?"

గుడికెళ్తే నేనూ చెప్పులు బయటే వదులుతాను. అక్కడ ఆ ఊసే తట్టలేదు. సిగ్గేసింది.

తలలు లెక్కపెట్టడమే నా పనని పదకొండేళ్లు అనుకున్నాను. వాకిలి ముందు మావాళ్లు ఏం చేస్తారో తెలియకపోతే ఆ లెక్క దండగ. ఇప్పుడు ప్రతి టూర్‌లోనూ అందరి చేతికీ ఒక చెప్పుల సంచి ఇస్తాను. ముందు నావి విప్పుతాను.